పాట ఎవరిది? 'జాకీ బ్రౌన్'లో సోల్ సంగీతం, ఆటోనగర్‌లో మా తిప్పలు: ఒక సౌండ్ ఎడిటర్ కేస్ స్టడీ

మూడేళ్ల క్రితం విజయవాడ నేపథ్యంలో తీసిన ఒక చిన్న క్రైమ్ సినిమాకి సౌండ్ ఎడిటింగ్ చేశాను. కాల్‌మనీ వడ్డీలు వసూలు చేసేవాడు ఒకడు, బాకీ పడ్డ మనిషిని ఆటోనగర్‌లోని మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్లి కొట్టే సీన్ ఒకటి ఉంది. నాలుగు నిమిషాల పైచిలుకు. మాటలు దాదాపు లేవు. డైరెక్టర్ కుర్రాడు, అది అతని మొదటి సినిమా. ఎడిట్ రూంలో నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "అన్నా, ఇక్కడ ఆర్.ఆర్. వద్దు. టరాంటినో టైపులో పాత సోల్ సాంగ్ ఒకటి పడాలి. జనం షాకవ్వాలి" అన్నాడు. ఆర్.ఆర్. అంటే రీరికార్డింగ్, సీను వెనక వచ్చే నేపథ్య సంగీతం. సోల్ అంటే అమెరికా నల్లజాతివాళ్ల పాటల్లో ఒక రకం.

వేశాను. 1970ల నాటి మెత్తటి అమెరికన్ ప్రేమపాట ఒకటి తీసుకుని, మొదటి దెబ్బ పడే ఫ్రేముకి పల్లవి సరిగ్గా వచ్చేలా జరిపి, టెంప్ ట్రాకుగా, అంటే అసలు సంగీతం వచ్చేదాకా తాత్కాలికంగా, పెట్టాను. ఇద్దరం నాలుగైదుసార్లు చూసుకుని మురిసిపోయాం. వారం తర్వాత తెలిసినవాళ్లని ఒక పది మందిని పిలిచి సినిమా వేశాం. మొదటి దెబ్బకి వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. రెండో దెబ్బకి ముగ్గురు నవ్వారు. దెబ్బలు తింటున్న నటుడు ఆ షూటింగులో నిజంగానే మోచెయ్యి గీరుకుపోయి, రెండు రోజులు కట్టు కట్టుకు తిరిగాడు. అతను కూడా ఆ పది మందిలో ఉన్నాడు. లైట్లు వేశాక అతని ముఖం చూడలేకపోయాను.

ఆ రాత్రి ఇంటికెళ్లి అమెరికన్ డైరెక్టర్ టరాంటినో తీసిన క్రైమ్ సినిమా 'జాకీ బ్రౌన్' మళ్లీ పెట్టుకున్నాను. ఈసారి చూడడానికి కాదు, లెక్క రాసుకోవడానికి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ప్రతి పాటకీ నాలుగు గడులు గీసుకున్నాను: ఎక్కడ మొదలైంది, ఏ వస్తువులోంచి వస్తోంది, కథలో ఎవరు వింటున్నారు, ఎవరు ఆపారు. ఈ రాత అంతా ఆ నోట్సులోంచి, ఆ తర్వాత మా షెడ్డు సీనుతో నేను పడ్డ తిప్పల్లోంచి వచ్చిందే.

షాక్ అనేది ఎక్కడుంది?

నేరం సినిమాలో సోల్ పాట వినిపించడమే వింత అనుకుంటారు చాలామంది. వింత కాదు. 1970ల మొదట్లో అమెరికాలో నల్లజాతి ప్రేక్షకుల కోసం వరసగా వచ్చిన క్రైమ్ సినిమాలకి సోల్ సంగీతమే ఊపిరి. 1971లో 'షాఫ్ట్'కి ఐజాక్ హేస్ సంగీతం చేశాడు. ఆ టైటిల్ పాటకి ఆస్కార్ వచ్చింది. 1972లో 'సూపర్ ఫ్లై'కి కర్టిస్ మేఫీల్డ్, అదే ఏడాది 'ట్రబుల్ మాన్'కి మార్విన్ గే, 1973లో 'బ్లాక్ సీజర్'కి జేమ్స్ బ్రౌన్. మన దగ్గర పెద్ద హీరో సినిమాకి పెద్ద మ్యూజిక్ డైరెక్టర్ ఉండాలన్నట్టు, అప్పుడు వీధి గొడవల సినిమా అంటే సోల్ స్టార్ ఒకడు ఉండాల్సిందే. వీటిలో నాకు బాగా నచ్చేది మేఫీల్డ్ చేసిన పని. తెర మీద కొకెయిన్ అమ్మేవాడు దర్జాగా తిరుగుతుంటాడు, పాటలేమో ఆ మత్తు మనుషుల్ని ఏం చేస్తుందో చెబుతుంటాయి. బొమ్మకీ పాటకీ తగాదా.

కాబట్టి 1997 డిసెంబర్ 25న 'జాకీ బ్రౌన్' విడుదలయ్యేసరికి నేరం, సోల్ అనే జోడీ పాతికేళ్ల పాతది. పైగా అందులో జాకీగా చేసిన పామ్ గ్రియర్ ఆ పాత సినిమాల రాణి. 'కాఫీ' 1973లో, 'ఫాక్సీ బ్రౌన్' 1974లో వచ్చాయి. ఆమెని తెచ్చి ఆ వా-వా గిటార్లూ, ఆ హడావుడి లయలూ వేస్తే ఎవరికీ ఆశ్చర్యం ఉండేది కాదు. వేటగత్తె మళ్లీ వేటకి వచ్చిందని ఈలలు వేసేవాళ్లు.

సినిమాలో కొంత అది కూడా ఉంది. 'కాఫీ'కి రాయ్ అయర్స్ చేసిన సంగీతం ముక్కల్ని ఇందులో వాడారు. కానీ కథ బరువు మోసే చోట వినిపించేవి పోరాటం పాటలు కావు. ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన మెత్తటి ప్రేమపాటలు. పెళ్లిరోజు రాత్రి భార్యాభర్తలు వినే రకం. తుపాకులు, డాలర్ల కట్టలు, బెయిల్ కాగితాల మధ్య అవి ఏం చేస్తున్నాయి అన్నదే నా ప్రశ్న.

సోల్ గురించి తెలియనివాళ్లకి ఒక్క ముక్క. చర్చిలో దేవుణ్ణి పిలిచే గొంతుతో మనిషిని పిలవడం, అదీ సోల్. అందుకే ఆ పాటల్లో ప్రేమ కబుర్లు కూడా ప్రార్థనలా వినిపిస్తాయి. డెల్ఫానిక్స్ అనే బృందంలో ముఖ్య గాయకుడు విలియం హార్ట్ పాడే తీరుని మన సంగీతం మాస్టార్లు వింటే దొంగగొంతు అంటారు. క్రైమ్ సినిమాకి అంతకన్నా తగిన గొంతు ఏముంటుంది!

కథ, రెండు ముక్కల్లో

జాకీకి 44 ఏళ్లు. మెక్సికోకి తిరిగే ఒక చిన్న ఎయిర్‌లైన్స్‌లో పని, ఏడాదికి 16,000 డాలర్ల జీతం. ఆర్డెల్ అనే ఆయుధాల వ్యాపారి డబ్బుని సరిహద్దు దాటించి తెస్తుంటుంది. 50,000 డాలర్లతో, దాంతోపాటు ఆమెకే తెలియని కొద్దిపాటి కొకెయిన్‌తో పట్టుబడుతుంది. ఆర్డెల్ బెయిల్ కట్టించి ఆమెని బయటికి తెస్తాడు. నోరు విప్పకుండా చంపేద్దామని. బెయిల్ బాండ్లు రాసే వ్యాపారి మాక్స్ చెర్రీ, యాభై దాటిన మనిషి, జైలు గేటు దగ్గర ఆమెని చూసి మనసు పారేసుకుంటాడు. ఇద్దరూ కలిసి ఆర్డెల్ డబ్బు కొట్టేస్తారు. ఇంతే.

దీనికి మూలం ఎల్మోర్ లెనార్డ్ 1992 నవల 'రమ్ పంచ్'. అందులో కథ ఫ్లోరిడాలో జరుగుతుంది, ఆమె పేరు జాకీ బర్క్, తెల్లావిడ. టరాంటినో ఆమెని నల్లజాతి స్త్రీగా మార్చి, కథని లాస్ ఏంజెలెస్ దక్షిణ శివార్లకి తెచ్చాడు. సంగీతం కథ ఇక్కడే మొదలైందని నా అభిప్రాయం. జాకీ బర్క్ ఇంట్లో డెల్ఫానిక్స్ రికార్డు ఉంటే అది అలంకారం. జాకీ బ్రౌన్ ఇంట్లో ఉంటే అది ఆమె పాతికేళ్ల వయసు.

రికార్డు, క్యాసెట్, కారు

ఒక్క పాట ప్రయాణం చూద్దాం. 'డిడింట్ ఐ బ్లో యువర్ మైండ్ దిస్ టైమ్'. డెల్ఫానిక్స్ పాడిన పాట, థామ్ బెల్, విలియం హార్ట్ కలిసి రాశారు. 1970లో అమెరికా టాప్ టెన్‌లోకి వెళ్లింది, తర్వాత గ్రామీ కూడా వచ్చింది. విడిచి వెళ్లిపోతున్నవాడు పాడే పాట అది. ఇన్నాళ్లూ నన్ను లెక్కచెయ్యలేదు, ఈసారి నేను వెళ్తుంటే నీ దిమ్మ తిరిగింది కదా అని అడుగుతుంటాడు. అడిగే గొంతు మాత్రం ఏడుపుకి ఒక మెట్టు ఇవతల ఆగి ఉంటుంది.

మొదటిసారి ఇది జాకీ ఇంట్లో వినిపిస్తుంది. జైలు నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్న మాక్స్ తన తుపాకీ కోసం వస్తాడు. ముందు రాత్రి ఆమె దాన్ని అతని కారులోంచి చెప్పకుండా తీసుకుంది, ఆర్డెల్ బారినుంచి కాచుకోవడానికి. ఆమె కాఫీ పెడుతుంది, రికార్డు పెడుతుంది. సీడీలు వచ్చాయి కదా, ఇంకా ఈ పళ్లేలేమిటి అన్నట్టు మాక్స్ అడిగితే, సీడీలూ కొన్ని ఉన్నాయిగానీ ఈ రికార్డుల మీద బోలెడంత డబ్బూ కాలమూ పెట్టాను, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టే స్తోమతు లేదు అంటుంది. ఆ జవాబు రికార్డుల గురించే చెబుతుందిగానీ, జీవితం గురించి అని వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ పాట శబ్దం గమనించండి. గది మూలనున్న స్పీకర్లోంచి, మాటలకి అడ్డం రాకుండా, తక్కువగా. కాఫీ కప్పుల చప్పుడు పాటకన్నా దగ్గరగా ఉంటుంది.

తర్వాత మాక్స్ షాపింగ్ మాల్లో పాటల దుకాణానికి వెళ్లి అదే బృందం క్యాసెట్ కొంటాడు. ఎవరితోనూ చెప్పడు. నేను దీన్ని సినిమా మొత్తంలో ఉన్న ఏకైక ప్రేమలేఖ అంటాను. అప్పటినుంచి మాక్స్ కారెక్కితే ఆ పాటే. ఇప్పుడు శబ్దం మారింది: కారు లోపలి ఇరుకు, డాష్‌బోర్డు స్పీకర్ల గరగర, క్యాసెట్ మొద్దుతనం.

మూడో మజిలీ దగ్గర నా వెన్ను జల్లుమంది. చివర్లో మాక్స్, ఆర్డెల్ ఒకే కారులో వెళ్తుంటారు. జాకీ ఒక చీకటి గదిలో ఎదురుచూస్తోంది. ఆర్డెల్ చేతిలో తుపాకీ ఉంది. కారులో అదే పాట. ఆర్డెల్ విని, నీకు డెల్ఫానిక్స్ ఇష్టమని నాకు తెలీదే అన్నట్టు అంటాడు. మాక్స్, బాగానే ఉంటారు అన్నట్టు పొడిగా జవాబిస్తాడు. ఆర్డెల్‌కి ఆ పాటల సంగతి తెలుసు, అతని వయసూ అదే. ఈ తెల్ల బెయిల్ వ్యాపారి కారులోకి ఆ క్యాసెట్ ఎలా వచ్చిందా అని ఒక్క క్షణం గట్టిగా ఆలోచిస్తే చాలు, కథ బయటపడుతుంది. ఒక ప్రేమపాట అక్కడ సాక్ష్యంగా మారింది. వేలిముద్రలాగా.

ఇంత టెన్షన్ పుట్టించడానికి సంగీతంలో ఒక్క స్వరం మార్చలేదు, ఒక్క వయొలిన్ కలపలేదు. అదే రికార్డింగు, అదే పల్లవి. మారినదల్లా ఎవరి చెవిన పడుతోంది అన్నదే. నా నోట్సులో ఆ పేజీ చివర పెద్దక్షరాలతో రాసుకున్నాను: పాట ఎవరిది?

డిక్కీ

ఇంకో సీన్ ఉంది. నా డైరెక్టర్ అడిగిన షాక్ ఏదైనా ఉంటే అది ఇందులోనే ఉంది.

ఆర్డెల్ కింద పనిచేసే బోమాంట్ అనే కుర్రాడు బెయిల్ మీద బయటికి వచ్చాడు. పోలీసులకి ఉప్పందిస్తాడేమోనని ఆర్డెల్‌కి అనుమానం. రాత్రివేళ అతని ఇంటికెళ్లి, ఒక చిన్న పనుంది, కారు డిక్కీలో కాసేపు దాక్కోవాలి, తర్వాత నీకిష్టమైన చోట చికెన్, వాఫుల్స్ తినిపిస్తా అని బతిమాలి, బెదిరించి, ఒప్పిస్తాడు. డిక్కీ మూస్తాడు. కారెక్కి, చేతులకి గ్లవ్స్ తొడుక్కుని, పాట పెడతాడు. బ్రదర్స్ జాన్సన్ పాడిన 'స్ట్రాబెర్రీ లెటర్ 23'. క్విన్సీ జోన్స్ ప్రొడ్యూస్ చేసిన 1977 పాట. తేనె కలిపిన పాలలా ఉంటుంది.

కారు కదులుతుంది. కెమెరా దాంతో వెళ్లదు. ఉన్నచోటే ఉండి మెల్లగా పైకి లేస్తుంది. కారు వీధి మలుపు తిరిగి, ఎదురుగా ఉన్న ఖాళీ స్థలంలోకి వచ్చి ఆగుతుంది. అంతా ఒకే షాట్. కారుతోపాటే పాట దూరమవుతుంది. ఆర్డెల్ దిగి డిక్కీ తెరుస్తాడు. తూటాల చప్పుడు, దూరం నుంచి, చిన్నగా. మళ్లీ డిక్కీ మూసి వెళ్లిపోతాడు. బోమాంట్ ముఖం మనకి చూపించరు.

మామూలుగా మన ఆర్.ఆర్. అలవాటు ప్రకారమైతే, పాట కారులో మొదలైనా వైడ్ షాట్ రాగానే దాన్ని ఫుల్ వాల్యూమ్‌లో, స్టీరియోలో తెర నిండా పరిచేస్తాం. అలా చేసుంటే అది డైరెక్టర్ పాట అయ్యేది. చావు మీద డైరెక్టర్ వేసిన జోకు అయ్యేది. జనం నవ్వేవాళ్లు, మా పది మందిలాగే. దూరంతోపాటు పాటని తగ్గనివ్వడం వల్ల అది ఆర్డెల్ పాటగానే మిగిలింది. హత్యకి వెళ్తూ, వినడానికి బాగుంటుందని మనిషి పాట పెట్టుకున్నాడు. ఆఫీసుకి వెళ్తూ మనం పెట్టుకున్నట్టు. భయం పుట్టేది ఆ మామూలుతనంలోంచి.

'టరాంటినో టైపు' అన్నప్పుడు చాలామంది తలలో ఉండేది నిజానికి 1992 'రిజర్వాయర్ డాగ్స్'లో చెవి కోసే సీన్. అందులో పాట సోల్ కాదు, స్టీలర్స్ వీల్ అనే బ్రిటిష్ బృందానిది. అక్కడ కూడా పాట రేడియోలోంచే వస్తుంది. హింసించేవాడు పెట్రోలు డబ్బా కోసం బయటికి నడిస్తే పాట తెగిపోయి వీధి నిశ్శబ్దం వినిపిస్తుంది, లోపలికి వస్తే పాట మళ్లీ అందుకుంటుంది. అందరికీ గుర్తుండేది అతను వేసిన డాన్సు. సీనుని నిలబెట్టింది తలుపు.

ఈ దారి వేసిన పెద్దమనిషి అమెరికన్ డైరెక్టర్ మార్టిన్ స్కోర్సేసీ. 1973 'మీన్ స్ట్రీట్స్'లో పూల్ గదిలో ఒక తిట్టు దగ్గర మొదలైన మాటామాటా కొట్లాటగా మారుతుంది. వెనక మార్వెలెట్స్ పాడిన 'ప్లీజ్ మిస్టర్ పోస్ట్‌మన్'. మోటౌన్ అనే రికార్డు కంపెనీకి 1961లో అమెరికా నంబర్ వన్ స్థానం మొదటిసారి తెచ్చిన పాట. ఉత్తరం కోసం ఎదురుచూసే ఆడపిల్లల పాట అది. ఆ గదిలో జూక్‌బాక్స్ ఉంది, వాళ్లు ఆ వయసువాళ్లు, కాబట్టి ఆ పాట అక్కడ ఉండి తీరుతుంది. కొట్లాట వచ్చి పాట మీద పడింది, పాట వచ్చి కొట్లాట మీద పడలేదు.

అన్నీ కారు స్పీకర్లోంచే రావాలా?

రానక్కర్లేదు. నా సిద్ధాంతానికి ఎదురు చెప్పే చోట్లు ఇదే సినిమాలో ఉన్నాయి, దాచి లాభం లేదు.

జైలు గేటు దగ్గర మాక్స్ నిలబడి ఉంటాడు. దూరంగా చీకట్లోంచి జాకీ నడిచి వస్తుంది. అలిసిపోయి, నలిగిన యూనిఫాంలో. బ్లడ్‌స్టోన్ బృందం పాడిన 1973 నాటి 'నేచురల్ హై' మొదలవుతుంది. అక్కడ రేడియో లేదు, కారు లేదు. పాట నేరుగా ఆర్.ఆర్. లాగే పడింది. అయినా జోకు అనిపించదు. ఎందుకంటే కెమెరా మాక్స్ ముఖాన్ని వదలదు, ఆ పాట అతని గుండెలో మోగుతోందని మాక్స్‌గా చేసిన రాబర్ట్ ఫార్స్టర్ కళ్లు చెబుతాయి. యంత్రం లేకపోయినా సొంతదారు ఉన్నాడు.

జాకీ జైల్లోకి వెళ్లే చోట వచ్చే 'లాంగ్ టైమ్ ఉమన్' మరీ విచిత్రం. 1971లో పామ్ గ్రియర్ నటించిన ఒక జైలు సినిమా కోసం ఆమే స్వయంగా పాడిన పాట అది. నలభై దాటిన ఆమె జైలు గదిలోకి నడుస్తుంటే, ఇరవై రెండేళ్ల ఆమె గొంతు వెనకనుంచి పాడుతోంది.

అసలు పెద్ద ఎదురు ఉదాహరణ సినిమా మొదలే. లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో కదిలే దారి మీద జాకీ నీలం యూనిఫాంలో కదలకుండా నిలబడి ఉంటుంది. వెనక రంగురంగుల పలకల గోడ జరిగిపోతుంటుంది. బాబీ వొమాక్ పాడిన 'అక్రాస్ 110త్ స్ట్రీట్' ఫుల్ వాల్యూమ్‌లో. అది 1972లో అదే పేరుతో వచ్చిన క్రైమ్ సినిమా టైటిల్ పాట. 110వ వీధి న్యూయార్కులో హార్లెమ్‌కి సరిహద్దు, పేదరికానికీ డబ్బుకీ మధ్య గీత. న్యూయార్కు వీధి పాట లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో ఎందుకు? జాకీ చేసే పని సరిహద్దు దాటించడమే కాబట్టి అని ఒక జవాబు చెప్పుకోవచ్చు. కానీ ఆ క్షణానికి ఆ పాట ఆమెది కాదు. టైటిల్సుది. డైరెక్టరుది. రాణిలా నిలబడ్డ మనిషి కాసేపటికి గబగబా నడిచి, ఆఖరికి పరుగెత్తి, గేటు దగ్గర ప్రయాణికులకి నవ్వుతూ స్వాగతం చెబుతుంటే తెలుస్తుంది, పాట ఇచ్చిన దర్జాకీ ఆమె ఉద్యోగానికీ ఎంత దూరమో.

రెండున్నర గంటల తర్వాత ఆఖరి షాట్. డబ్బు చేతికొచ్చింది. ఆర్డెల్ పోయాడు. మాక్స్‌కి ముద్దు పెట్టి, రమ్మంటే రాడని తెలిసి, ఒంటరిగా ఆర్డెల్ కారే నడుపుకుంటూ వెళ్తోంది. అదే పాట. అక్కడక్కడా మాటలకి ఆమె పెదాలు కదులుతాయి. ఇప్పుడు అది ఆమె పాట. మొదట్లో ఊరికే ఇచ్చినదాన్ని చివర్లో ఆమె సంపాదించుకుంది. ఎడిటర్ శాలీ మెంకి ఆ షాట్‌ని తొందరపడి కోయలేదు. నేనైతే నాలుగు సెకన్ల ముందే కట్ చేసేవాణ్ణేమో, ఒప్పుకోవాలి.

మళ్లీ ఆటోనగర్

మర్నాడు ఎడిట్ రూంకి వెళ్లి టెంప్ ట్రాక్ పీకేశాను. డైరెక్టర్ మొహం మాడ్చుకున్నాడు. "అన్నా, ఆ పాటేగా సీనుకి ప్రాణం?" అన్నాడు. ఆటోనగర్ షెడ్డులో ఆ అమెరికన్ పాట ఎవరు వింటున్నారో చెప్పు, అలాగే ఉంచుతానన్నాను. కాసేపు ఆలోచించి, "మనమిద్దరం" అన్నాడు. అని తనే నవ్వేశాడు.

సోల్ కాదు మనకి కావాల్సింది, ఆ షెడ్డులో ఉన్నవాడికి సోల్ ఏదైతే అది. మా విలన్‌కి యాభై ఏళ్లు. వాడి చిన్నప్పుడు ఇంట్లో రేడియోలో వచ్చిన పాటలేవి? ఘంటసాల, సుశీల. షెడ్డులో ఎఫ్ఎం రేడియో ఒకటి పెట్టాం. ముందు సీనులో వాడు స్కూటర్ మీద పోతూ అదే పాట కూనిరాగం తీసేలా డబ్బింగులో కలిపాం. తర్వాత, దెబ్బలు తిన్నవాడి భార్య బస్సులో కూర్చున్నప్పుడు ముందు సీటువాడి ఫోన్లోంచి ఆ పాట చరణం వినిపించేలా పెట్టాం. ఆమెకి ఆ పాట సంగతి తెలియదు, మనకి తెలుసు. క్యాసెట్ ప్రయాణం నుంచి కొట్టేసిన ఎత్తు ఇది, దాచను.

తర్వాత రైట్స్. ఒక పాత పాట సినిమాలో వాడాలంటే రెండు తాళాలు తీయాలి: సాహిత్యం, బాణీ ఒకటి, ఆ రికార్డింగు ఇంకొకటి. మన చట్టంలో రికార్డింగుకి 60 ఏళ్లే. 1960లో వచ్చిన రికార్డింగు గడువు 2020తో తీరిపోయింది. ఇది విని మా ప్రొడ్యూసర్ ఎగిరి గంతేశాడు. కానీ రాసినవారికీ స్వరపరచినవారికీ వాళ్ల జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. ఘంటసాల గారు 1974లో పోయారు, ఆయన కట్టిన బాణీకి 2034 చివరిదాకా హక్కు ఉంటుంది. ఆ బాణీ తాళం ఎవరి దగ్గరుందో కనుక్కునేసరికే నెలన్నర పట్టింది. ఆ కంపెనీ చెప్పిన రేటు మా మొత్తం ఆర్.ఆర్. బడ్జెట్‌కన్నా ఎక్కువ.

ఆఖరికి మా మ్యూజిక్ డైరెక్టర్ 1960ల ధోరణిలో ఒక కొత్త పాట కట్టాడు. పాట బాగుంది. కానీ జనం జ్ఞాపకంలో లేని పాట. పాత పాటకి ప్రేక్షకుడు సగం సంగీతం తన ఇంటినుంచి తెచ్చుకుంటాడు, కొత్తదానికి మొత్తం మనమే మోయాలి. ఆ నష్టం సినిమాలో తెలుస్తుంది. అందుకే ముందు సీనులోని కూనిరాగాన్ని ఇంకో చోట కూడా పెంచాం, కనీసం ఈ సినిమా లోపలైనా ఒక జ్ఞాపకం తయారవుతుందని.

పాట రేడియోలోంచి వస్తున్నట్టు అనిపించడానికి మొదట కంప్యూటర్లో ప్లగిన్ అనే సౌండ్ ఎఫెక్టు సాఫ్ట్‌వేర్ వాడాను. కింద 300 హెర్ట్జ్, పైన 4 కిలోహెర్ట్జ్ దగ్గర కోసి, గది ప్రతిధ్వని కలిపాను. శుభ్రంగా ఉంది, చచ్చిపోయి ఉంది. 1973లో 'అమెరికన్ గ్రాఫిటీ' కోసం సౌండ్ డిజైనర్ వాల్టర్ మర్చ్, డైరెక్టర్ జార్జ్ లూకాస్ పాటల్ని ఆరుబయట స్పీకర్లలో వేసి మళ్లీ మైకుతో రికార్డు చేసిన పద్ధతి గుర్తొచ్చింది. నేనూ చిన్న రేడియో సెట్టు, ఒక రికార్డరు పట్టుకుని విజయవాడ రైలెక్కాను. షూటింగ్ జరిగిన షెడ్డుకే వెళ్లి, పాటని ఆ సెట్టులోంచి వేసి, రేకుల కప్పు కింద మూడు చోట్ల నిలబడి రికార్డు చేద్దామని.

షెడ్డు ఓనరు నేను చేసేది కాసేపు చూసి, "రాత్రి సీనా సార్, పగలు సీనా?" అని అడిగారు. పగలే అన్నాను. "పగలైతే కంప్రెసర్ ఆన్‌లో ఉంటది కదండీ. ఇంక పాటెక్కడ వినపడుద్ది?" అన్నారు. స్విచ్చి వేశారు. నిజమే, రేడియో పెదాలాడిస్తున్నట్టు ఉంది తప్ప పాట లేదు. మైకు దించేయబోయాను. ఆగమన్నట్టు చెయ్యెత్తారు. రెండు మూడు నిమిషాలకి ట్యాంకులో గాలి నిండి, ప్రెజర్ స్విచ్చి టక్కుమని కొట్టింది. మోటారు దానంతటదే ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలోకి పాట రెండో చరణం మధ్యలోంచి, ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు, పైకి తేలింది.

మిక్సులో అలాగే పెట్టాం. దెబ్బలన్నీ కంప్రెసర్ మోతలో. మోటారు ఆగేది ఆఖరి దెబ్బ తర్వాత, వాడు చేతులు తుడుచుకోవడానికి గుడ్డ వెతుక్కుంటున్నప్పుడు. మళ్లీ పది మందిని పిలిచాం, మోచెయ్యి గీరుకున్న నటుడితో సహా. ఈసారి మోటారు ఆగాక గదిలో ఏసీ శబ్దం కూడా వినిపించింది.